బుల్లితెరపై బాక్సింగ్ కథలు

బాక్సర్ జీవితాన్ని సినిమాగా తీస్తే జనం చూస్తారు. అదే కథను వారంవారం వచ్చే ధారావాహికగా సాగదీస్తే చూడరు. అమెరికాలోనూ కొరియాలోనూ మన దేశంలోనూ అనుభవం కాస్త అటూ ఇటూగా ఇదే. ‘రాకీ’ (1976) నుంచి ‘సార్పట్ట పరంపరై’ (2021) దాకా సినిమాలకు పెద్ద విజయాల వరస ఉంది. బాక్సింగ్ సీరియళ్ళలో చాలా వాటికి తొలి సీజనే ఆఖరి సీజన్ అయింది. జపాన్ ఒక్కటే పెద్ద మినహాయింపు. జనానికి బాక్సింగ్ నచ్చకపోవడమే ఇందుకు కారణమని టీవీ వర్గాల్లో తేలిగ్గా అనేస్తుంటారు. అది సగం నిజం కూడా కాదు. రింగులో ఆఖరి గంట మోగితే కథ తేలిపోతుంది. సీరియల్ బతికేదే కథ తేలకుండా చూసుకోవడం మీద. చిక్కంతా అక్కడుంది. మిగతా కారణాలన్నీ దాని వెనకే వస్తాయి.

పుదుచ్చేరి నుంచి చూస్తే

ఈ సంగతిని పుదుచ్చేరి పట్టణం నుంచి చూడటానికి కారణముంది. ఇక్కడి నుంచి ఉత్తరంగా 150 కిలోమీటర్లు వెళ్తే, బాక్సింగ్ పేదజనం సొంత ఆటగా బతికిన ఉత్తర మద్రాసు వస్తుంది. రాయపురం, వ్యాసర్‌పాడి వంటి పేటల్లో రేవు కూలీలు, జాలరులు, మిల్లు కార్మికులు తెల్లదొరల ఆటను తీసుకుని తమ పేటల ఆటగా మలుచుకున్నారు. ఒక్కో గురువు చుట్టూ ఒక్కో పరంపరై ఏర్పడింది. సార్పట్ట, ఇడియప్ప నాయకర్, ఎల్లప్ప చెట్టియార్ పరంపరైల కుర్రాళ్ళు రింగులోకి దిగితే అది ఇద్దరి మధ్య పోటీగా ఉండేది కాదు, రెండు పేటల పరువు పోటీ అయ్యేది. శిక్షణ ఇచ్చే పెద్దమనిషిని వాద్యార్ అంటారు. ఆయన మాటకు ఎదురుండదు. ఆ ఊరి బాక్సింగ్ పిచ్చి ఎంతటిదంటే, 1980లో మహమ్మద్ అలీ స్వయంగా మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు.

పుదుచ్చేరిలో బాక్సింగ్ నడిచిన దారి వేరు. శ్రీ అరవిందాశ్రమంలో 1940ల మధ్య నుంచి ప్రణబ్ కుమార్ భట్టాచార్య ఆధ్వర్యంలో వ్యాయామ విద్య ఒక పద్ధతిగా సాగింది. పరుగు, ఈత, జిమ్నాస్టిక్స్‌తో పాటు బాక్సింగ్ వంటి పోరాట క్రీడలకూ అందులో చోటు దొరికింది. ఏటా డిసెంబరు 2న ఆశ్రమం వారి క్రీడామైదానంలో జరిగే వ్యాయామ ప్రదర్శన పట్టణంలో పేరున్నదే. ఇక్కడ గ్లవ్స్ తొడగడం శరీరాన్ని తీర్చిదిద్దుకునే సాధనలో ఒక భాగం. పందెం లేదు, పేట పరువు లేదు, ఓడిపోయి ఇంటికెళ్తే ముఖం చూపించుకోలేని పరిస్థితీ లేదు. ఒళ్ళు బాగుపడటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. కథకు మాత్రం ఇందులో పట్టు దొరకదు. సినిమా కెమెరా వ్యాసర్‌పాడి వైపు వెళ్ళి ఇటువైపు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక టీవీ. సన్ టీవీ 1993 ఏప్రిల్ 14న మొదలయ్యాక ఈ పట్టణపు సాయంత్రాలు తమిళ సీరియళ్ళ చేతికి వెళ్ళాయి. రాధిక నటించిన ‘చిత్తి’ తమిళంలో ఇక్కడి ఇళ్ళను కట్టిపడేస్తే, అదే సీరియల్ ‘పిన్ని’ పేరుతో జెమినీలో తెలుగు ఇళ్ళను కట్టిపడేసింది. పుదుచ్చేరిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు రెండు భాషల చానెళ్ళూ తిప్పుతుంటాయి. అయితే రేటింగుల లెక్కలో వీరి తెలుగు వీక్షణకు విలువ తక్కువ. 2015 నుంచి టీవీ రేటింగులు ఇస్తున్న బార్క్ సంస్థ తమిళనాడు, పుదుచ్చేరిలను కలిపి ఒక మార్కెట్‌గానూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి మరో మార్కెట్‌గానూ చూస్తుంది. తెలుగు చానెల్ తన ప్రకటనల ధరను రెండో లెక్క చూపించి అడుగుతుంది. కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే యానాం ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. కాబట్టి రెండు భాషలు వచ్చి, బాక్సింగ్ తెలిసి, కొత్త రకం కథ కోసం చూసే ఇళ్ళు పుదుచ్చేరిలో ఎన్ని ఉన్నా వాటిని ఒకచోట కూడి లెక్కపెట్టేవారు లేరు. బాక్సింగ్ కథల ప్రేక్షకులు అన్నిచోట్లా ఇలాగే చెదిరి ఉంటారు. సినిమా అయితే వాళ్ళను ఒక శుక్రవారం హాలు దగ్గరికి రప్పించగలదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి రప్పించడం వేరే పని.

టీవీకి ఆట నచ్చింది

విచిత్రమేమిటంటే, టెలివిజన్‌కు తొలినాళ్ళలో అన్నిటికంటే బాగా కుదిరిన ఆట బాక్సింగే. ఇరవై అడుగుల చదరం, ఇద్దరు మనుషులు, పైన దీపాలు. అప్పటి మొరటు కెమెరాలు బేస్‌బాల్ బంతి వెంట పరుగెత్తలేకపోయేవి గానీ రింగును మాత్రం ఒక్కచోట నిలబడి చూపించగలిగేవి. రౌండుకు మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. ఆ నిమిషం ప్రకటనకు కొలిచినట్టు సరిపోయేది. అమెరికాలో ఎన్‌బీసీ శుక్రవారం రాత్రుల్లో ప్రసారం చేసిన ‘జిల్లెట్ కావల్‌కేడ్ ఆఫ్ స్పోర్ట్స్’ రేజర్ బ్లేడ్లు అమ్ముకుంటూ 1940ల నుంచి 1960 దాకా నడిచింది. ఇంట్లో ఉచితంగా చూసే వీలు దొరికాక ఊళ్ళలోని చిన్న బాక్సింగ్ క్లబ్బులకు టికెట్టు కొనేవారు తగ్గిపోయారు. ఆ క్లబ్బులతో పాటే కొత్త బాక్సర్లు తయారయ్యే దారీ మూసుకుపోయింది.

తర్వాత 1962 మార్చి 24 వచ్చింది. ఆ రాత్రి న్యూయార్క్‌లో ఎమిల్ గ్రిఫిత్ కొట్టిన వరస దెబ్బలకు బెనీ పారెట్ తాళ్ళకు ఆనుకుని అలాగే కుప్పకూలాడు. ఏబీసీలో ప్రత్యక్ష ప్రసారం జరుగుతోంది. పది రోజులకు పారెట్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఏబీసీ 1964లో వారపు బాక్సింగ్ ప్రసారాన్ని ఆపేసింది. అప్పటి నుంచి పెద్ద టీవీ సంస్థల్లో ఈ ఆట పట్ల ఒక జంకు ఉండిపోయింది. నాటకానికి డబ్బు పెట్టే కుర్చీలోనూ ఆ జంకు కూర్చునే ఉంటుంది.

బాక్సింగ్ మీద టీవీలో వచ్చిన తొలి గొప్ప కథ కూడా ఈ కాలానిదే. 1956 అక్టోబరు 11న ‘ప్లేహౌస్ 90’లో ప్రత్యక్షంగా ప్రసారమైన ‘రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ అది. రాసినవాడు రాడ్ సెర్లింగ్. సైన్యంలో ఉన్నప్పుడు తానే రింగులోకి దిగి ముక్కు పగలగొట్టించుకున్నవాడు. జాక్ పాలన్స్ వేసిన పాత్ర మౌంటెన్ మెక్లింటాక్ ఇక పోటీ చేస్తే ప్రాణానికే ముప్పని వైద్యుడు తేల్చేసిన బాక్సర్. పద్నాలుగేళ్ళు తన్నులు తినడం తప్ప వేరే పని తెలియని మనిషి, మర్నాడు ఉద్యోగం కోసం వెళ్ళి ఏం చెప్పుకుంటాడు? కథంతా ఈ ప్రశ్నే. సెర్లింగ్‌కూ పాలన్స్‌కూ ఎమ్మీలు వచ్చాయి. మరుసటి ఏడాది బీబీసీ దీన్ని అప్పటికి పెద్దగా పేరు లేని షాన్ కానరీతో మళ్ళీ తీసింది. గమనించవలసినవి రెండు. ఇది తొంభై నిమిషాల కార్యక్రమంలో ఒకే రాత్రిలో ముగిసిన నాటకం, సీరియల్ కాదు. కథ మొదలయ్యే వేళకు ఆఖరి పోటీ అయిపోయింది. బుల్లితెర బాక్సింగ్‌ను బాగా చూపిన తొలిసారే రింగుకు వీపు పెట్టి చూపింది.

గెలిచాక ఏముంది?

సీరియల్ రచయితకు కావలసింది రేపటికి మిగిలే ప్రశ్న. బాక్సింగ్ పోటీ దాన్ని మిగల్చదు. పన్నెండు రౌండ్ల ప్రపంచ టైటిల్ పోటీ పూర్తిగా సాగినా, విరామాలు కలుపుకుని నలభై ఏడు నిమిషాల్లో తేలిపోతుంది. ఒలింపిక్స్ పద్ధతిలో మూడే రౌండ్లు. రిఫరీ ఒకరి చెయ్యి పైకెత్తుతాడు, అయిపోయింది. సినిమాలో అక్కడ పాట వస్తుంది, లైట్లు వేస్తారు. సీరియల్‌లో మాత్రం వచ్చేవారం మళ్ళీ దుకాణం తెరవాలి. కొత్త ప్రత్యర్థిని తేవాలి, అతడు పోయినవాడికంటే భయంకరుడని నమ్మించాలి. మూడోవాడు వచ్చేసరికి ఇంట్లో కూర్చున్నవారికి లెక్క తెలిసిపోతుంది: సగంలో ఓడతాడు, చివర్లో గెలుస్తాడు.

కిష్కింధలో వాలి సుగ్రీవుల ముష్టియుద్ధం ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. మొదటిసారి సుగ్రీవుడు తన్నులు తిని పారిపోయి వస్తాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలికలో ఉండటంతో రాముడు బాణం వెయ్యలేకపోయాడు. రెండోసారి సుగ్రీవుడి మెడలో గజపుష్పి మాల పడుతుంది. ఈలోగా లోపల తార వాలిని ఆపి చూస్తుంది. పిడిగుద్దుల వర్ణన ఎంత ఉన్నా, విన్నవారికి గుర్తుండేది ఆ మాల, చెట్టు చాటున నిలబడ్డవాడు, తార భయం, నేలకూలిన వాలి రాముణ్ణి నిలదీసి అడిగిన మాటలు. పురాణం చెప్పేవారు ఆ నిలదీత దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. పోటీని ఒకసారి చెడగొట్టి, రెండోసారికి అర్థం పెంచడం అన్న ఈ పనితనం తెలియకపోవడమే చాలా బాక్సింగ్ సీరియళ్ళ రోగం.

2011 జనవరిలో ఎఫ్ఎక్స్ చానెల్ మొదలుపెట్టిన ‘లైట్స్ అవుట్’ పాపం ఆ తప్పు చెయ్యలేదు. హోల్ట్ మెక్‌కలనీ నటించిన పాట్రిక్ లియరీ ఒకప్పటి హెవీవెయిట్ విజేత. డబ్బు కరిగిపోయింది, భార్యకు మాటిచ్చి గ్లవ్స్ విప్పాడు, మెదడుకు తగిలిన దెబ్బల ఫలితం మొదలవుతోంది. విమర్శకులు మెచ్చుకున్నారు. జనం రాలేదు. పదమూడు ఎపిసోడ్లతో ఏప్రిల్‌లో ఆపేశారు. నా ఉద్దేశంలో దీన్ని ముంచింది కథనం కాదు, నాయకుడి మెదడు జబ్బే. దెబ్బలు తిన్న బాక్సర్ల మెదడు దెబ్బతినే తీరును హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే వైద్యపత్రికలో వివరించాడు. అలీకి పార్కిన్సన్స్ ఉన్నట్టు 1984లో తేలాక అది లోకానికంతటికీ తెలిసింది. సినిమాలో నాయకుడు తన్నులు తింటే రెండు గంటల్లో హాలు బయటికి వచ్చేస్తాం. సీరియల్ మనిషి చుట్టంలా ఇంటికి వచ్చిపోయేవాడు. అతడు వారానికోసారి తన మతిని కొంచెం కొంచెం పోగొట్టుకోవడాన్ని ఏళ్ళ తరబడి చూడమంటే ఎవరికైనా చేతులు రిమోట్ మీదకే పోతాయి.

నిజమైన పోటీలతో కథ అల్లబోయిన ‘ది కంటెండర్’ది మరో రకం ఓటమి. 2005 మార్చిలో ఎన్‌బీసీలో మొదలైన ఈ రియాలిటీ కార్యక్రమం వెనక మార్క్ బర్నెట్, సిల్వెస్టర్ స్టాలోన్, షుగర్ రే లెనార్డ్ ఉన్నారు. డబ్బుకు, పేరుకు లోటు లేదు. కానీ పోటీలను ముక్కలుగా కోసి, సంగీతం కలిపి, సినిమా పోరాటంలా చూపించారు. బాక్సింగ్ తెలిసినవారికి అది బాక్సింగ్‌లా కనిపించలేదు. తెలియనివారికి కథలా కనిపించలేదు. ఎన్‌బీసీ ఒక్క సీజన్‌తో వదిలేసింది, తర్వాత ఈఎస్‌పీఎన్ తీసుకుంది.

దీని పక్కన కుస్తీ ప్రదర్శనలను పెట్టి చూడాలి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి ‘రా’ 1993 జనవరి 11న మొదలై ప్రతి వారం వస్తూనే ఉంది. 1990లలో కేబుల్ వచ్చిన ప్రతి ఊళ్ళోనూ పిల్లలు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు మార్చుకున్నవారే; అండర్‌టేకర్ శవపేటికలోంచి లేస్తాడా లేదా అని బడిలో పందేలు కాసుకున్నవారే. ఇంట్లో పెద్దవాళ్ళు అత్తాకోడళ్ళ సీరియల్ చూస్తుంటే తాము చూసేది ‘ఫైటింగ్’ అనుకునేవారు. అదీ సీరియలే. ఫలితం ముందే రాసుకుంటారు కాబట్టి పగను నెలల తరబడి లాగవచ్చు, చచ్చినవాణ్ణి బతికించవచ్చు, మిత్రుణ్ణి శత్రువుగా తిప్పవచ్చు. అసలు బాక్సర్ ఏడాదికి రెండు మూడు పోటీలే చేస్తాడు. వాటి మధ్య పరుగెత్తుతాడు, బరువు చూసుకుంటాడు, నిద్రపోతాడు.

రాత్రి ఏడు తర్వాత

మన దగ్గర ఇంకో అడ్డు ఉంది, అది శుద్ధ ఆర్థికం. అరగంట స్లాట్ అంటే ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు కథ, వారానికి ఐదారు రోజులు. రోజుకు సుమారు ఒక ఎపిసోడ్ పూర్తి చెయ్యాలి. అందుకే అద్దె బంగళా ఒకటి, హాలూ పూజగదీ మేడమెట్లూ, ఒకేసారి తిరిగే రెండు మూడు కెమెరాలు, ఒక డైలాగుకు ఆరుగురి ముఖాలు. ఈ లెక్కలో బాక్సింగ్ పోటీని దూర్చి చూడండి. ప్రతి దెబ్బనూ ముందుగా కూర్చుకోవాలి. చుట్టూ జనం కావాలి. నాలుగో రౌండులో కంటి పైన చిట్లిన చోటు ఐదో రౌండులో వాచాలి, ఆరులో మూసుకుపోవాలి. షాట్ల వరస తారుమారు చేసి తీస్తారు కనుక మేకప్ మనిషికి నరకం. మర్నాడు ఇంటి సీను ఉంటే అదే వాపు తగ్గినట్టు చూపాలి. స్కోర్సెసీ ‘రేజింగ్ బుల్’ (1980)లో రింగు దృశ్యాలు తెరమీద కనిపించేది కొద్ది నిమిషాలే, వాటికి వారాల తరబడి పట్టింది. తెలుగు సీరియల్ యూనిట్‌కు ఉన్నది ఒక్క మధ్యాహ్నం.

ఇందులో ఆడవాళ్ళ అభిరుచి మీద నెట్టేసే మాట ఒకటి తరచూ వినిపిస్తుంది. సాయంత్రం టీవీ వాళ్ళ చేతిలో ఉంటుంది, వాళ్ళకు రక్తం నచ్చదు, కనుక బాక్సింగ్ నడవదని. మన సీరియళ్ళలో విషప్రయోగాలూ కిడ్నాపులూ మేడ మీది నుంచి తోసెయ్యడాలూ ఏ రోజు లేవు? వాటిని ఎవరూ ఛానెల్ మార్చి తప్పించుకోవడం లేదు. తేడా శత్రువు ఉండే చోటులో ఉంది. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచి 1,500 ఎపిసోడ్లు దాటిన ‘కార్తీక దీపం’లో మోనిత ఎక్కడికీ పోదు. నాయిక దీప జీవితానికి ఆమె పక్కనే ఉంటుంది, నవ్వుతూనే ఉంటుంది. మంజులా నాయుడు తీసిన ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ కూడా విడిపోలేని మనుషుల మీదే ఏళ్ళ తరబడి నిలబడ్డాయి. బాక్సర్‌కు ఎదురుగా నిలిచేది తెలియని మనిషి. గెలిచినా ఓడినా సంచి సర్దుకుని వెళ్ళిపోతాడు. పోయేవాడి మీద పగ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కొరియాలో కేబీఎస్ 2023లో ‘మై లవ్లీ బాక్సర్’ అన్న పన్నెండు ఎపిసోడ్ల సీరియల్ తీసింది. పోటీ నుంచి మాయమైన ఆడ బాక్సర్, ఆమెను వెతికి తెచ్చే ఏజెంటు. నాయిక ఉంది, ప్రేమ ఉంది, రక్తం పెద్దగా లేదు. అయినా రేటింగులు అట్టడుగునే ఉండిపోయాయి.

తెలుగువాళ్ళు బాక్సింగ్‌ను చూడరా? చూస్తారు, ఇంటి కథ వెంట వస్తే. ‘తమ్ముడు’ (1999)లో పవన్ కల్యాణ్ రింగులోకి దిగేది అన్న కోసం, తండ్రి దృష్టిలో నిలబడటం కోసం. అదే సినిమా తమిళంలో విజయ్‌తో ‘బద్రి’ అయింది. పూరి జగన్నాథ్ ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ (2003) పేరులోనే బాక్సింగ్ లేదు, వరసలున్నాయి. చిన్నప్పుడే తమను వదిలేసిన తండ్రి దగ్గరికి, తల్లి పోయాక వెళ్ళిన కొడుకు కథ అది. అది మళ్ళీ తమిళంలోకి ‘ఎం. కుమరన్ సన్నాఫ్ మహాలక్ష్మి’గా వెళ్ళింది. ఈ రెండు సినిమాల్లోనూ ఉన్నది కిక్‌బాక్సింగే అయినా ప్రేక్షకుడికి ఆ తేడాతో పని పడలేదు. సుధ కొంగర ‘గురు’ (2017) గురుశిష్య బంధం మీద నడిచింది, నిజంగానే రింగు తెలిసిన రితికా సింగ్ ఆ శిష్యురాలు. ‘గని’ (2022)లో వరుణ్ తేజ్ ఒళ్ళు వంచి శిక్షణ పొందాడు, బాక్సింగ్ కూడా చూడదగ్గదే. సినిమా ఆడలేదు. రింగు బాగుండి ఇల్లు పలచనైతే ఏమవుతుందో దానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలుగులో దొరకదు.

నిలబడినవి

అమెరికాలో షోటైమ్ చానెల్ 2000 నుంచి 2002 వరకు నడిపిన ‘రెజరెక్షన్ బొలెవార్డ్’ మూడు సీజన్లు నిలిచింది. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్న శాంటియాగో కుటుంబం, తరతరాలుగా బాక్సర్లు. తండ్రికి దక్కని టైటిల్ కొడుకుల మీద బరువుగా దిగుతుంది. బాక్సింగ్ అందులో ఇంటి వృత్తి, ఒకరకంగా కులవృత్తి. పోటీ లేని వారం కూడా ఇంట్లో గొడవకు కొదవ ఉండదు.

జపాన్ దారి పూర్తిగా వేరు. ‘అషితా నో జో’ 1968లో పత్రికలో బొమ్మల కథగా మొదలైంది. అందులో జో ప్రత్యర్థి రికిఇషి తొరు పోటీ తర్వాత చనిపోతే, 1970 మార్చిలో తోక్యోలో కవి తెరయామా షూజి నిజంగా సంతాపసభ జరిపాడు; వందల మంది వచ్చారు. కల్పిత బాక్సర్‌కు! మరుసటి నెలలోనే మొదలైన టీవీ యానిమేషన్ 79 ఎపిసోడ్లు నడిచింది. 2000లో వచ్చిన ‘హజిమె నో ఇప్పో’ కూడా డెబ్బై ఎపిసోడ్లు దాటింది. బొమ్మల్లో దెబ్బలు తగలవు, వాపుకు మేకప్ అక్కర్లేదు. అంతకంటే ముఖ్యం, కాలం రచయిత చేతిలో ఉంటుంది. ఒక పిడికిలి గడ్డం దాకా వచ్చేలోపు బాల్యం మొత్తం గుర్తు చేసుకోవచ్చు. మూడు నిమిషాల రౌండును మూడు వారాలు లాగవచ్చు. ఆఖరి గంట మోగకుండా ఆపగలిగిన ఒకే ఒక్క పద్ధతి ఇది. పైగా ఓడిన ప్రత్యర్థి వెళ్ళిపోడు, తర్వాతి పోటీకి స్నేహితుడై పక్కన కూర్చుంటాడు.

ఓటీటీలు వచ్చాక లెక్క మారింది. రోజుకు ఎపిసోడ్ తీయనక్కర్లేదు, ఎనిమిది పది భాగాల్లో ఆపేయవచ్చు, ఒక్క మార్కెట్ రేటింగుకు కట్టుబడనక్కర్లేదు. ఆల్ట్ బాలాజీలో 2019లో వచ్చిన ‘పంచ్ బీట్’ బడి పిల్లల ప్రేమలకు బాక్సింగ్ పులిమి రెండో సీజన్ దాకా వెళ్ళింది. కొరియన్ ‘బ్లడ్‌హౌండ్స్’ (2023) బాక్సర్లను వడ్డీ వ్యాపారుల మీదికి తిప్పింది. స్టీవెన్ నైట్ ‘ఎ థౌజండ్ బ్లోస్’ (2025) విక్టోరియా కాలపు లండన్‌లో జమైకా నుంచి వచ్చిన బాక్సర్‌ను దొంగ ఆడవాళ్ళ ముఠాతో కలిపింది. మూడింటిలోనూ బాక్సింగ్ కథకు తలుపు, ఇల్లు మరొకటి.

మన దగ్గర దీనికి కొలబద్ద 2021 జులై. ఆ నెల 16న అమెజాన్ ప్రైమ్‌లో రాకేశ్ ఓంప్రకాశ్ మెహ్రా ‘తూఫాన్’ వచ్చింది, 22న పా. రంజిత్ ‘సార్పట్ట పరంపరై’ తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. వేదిక ఒకటే, ఆట ఒకటే, మధ్యలో వారం కూడా లేదు. మొదటిది అనాథ కుర్రాడు విజేతయ్యే తెలిసిన దారిలో నడిచి మరుగున పడింది. రెండోదాని గురించి జనం నెలల తరబడి మాట్లాడుకున్నారు. దాదాపు మూడు గంటల ఆ సినిమా నిజానికి సీరియల్ నిర్మాణంతో ఉంది. బాక్సింగ్ వద్దని కొట్టే తల్లి బాక్కియం, ఎదురు నిలిచి అడిగే భార్య మారియమ్మ, మాట పడేసి పోయే రంగన్ వాద్యార్, ఎమర్జెన్సీ, సారా వ్యాపారంలోకి జారిన నాయకుడు. నాయకుడు కబిలన్‌కూ ప్రత్యర్థి వేంబులికీ జరిగిన తొలి పోటీ తేలకుండానే రసాభాస అవుతుంది; ఆ తర్వాత కొన్నేళ్ళు, ఒక మనిషి పతనం అంతా గడిచాక గానీ రెండోది రాదు. మధ్యలో కాసేపు కనిపించి పోయే బాక్సర్ డాన్సింగ్ రోజ్ నాయకుడికంటే ఎక్కువ పేరు తెచ్చుకోవడం కూడా సీరియళ్ళలో జరిగే వింతే. మలయాళంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆలప్పుళ జింఖానా’ ఇంకో అడుగు వేసి, మార్కుల కోసం బాక్సింగ్‌లో చేరిన కుర్రాళ్ళను గెలిపించే పూచీనే తలకెత్తుకోలేదు.

తెలుగులో ఎవరైనా బాక్సింగ్ సీరియల్ తీయదలిస్తే ముడిసరుకు నిజామాబాద్‌లో సిద్ధంగా ఉంది. నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు నిక్కరు వేసుకుని అబ్బాయిలతో తలపడే ఆడపిల్లేమిటని చుట్టుపక్కల వారన్నారు. తండ్రి జమీల్ వెనక నిలబడ్డారు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండా మేరీ కోమ్‌ను పంపే ఆలోచన జరుగుతుంటే, నిఖత్ తనకు న్యాయమైన అవకాశం కావాలని క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషి మీదే పోరు. ఆ డిసెంబరు 28న ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1తో ఓడింది. మేరీ కోమ్ చెయ్యి కలపలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ విజేత అయింది, 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. ట్రయల్‌లో రింగు మీద గడిచింది కొద్ది నిమిషాలే. లేఖకూ ట్రయల్‌కూ మధ్య వారాలున్నాయి, కలపని ఆ చేతికీ ఇస్తాంబుల్‌కూ మధ్య రెండేళ్ళకు పైగా ఉంది. సీరియల్‌కు కావలసినదంతా ఆ ఎడంలోనే ఉంది.

ప్రస్తుతానికి నిర్మాతల మొగ్గు సినిమా వైపే. ‘సార్పట్ట’ రెండో భాగాన్ని పా. రంజిత్, నాయకుడు ఆర్య 2023 మార్చిలో ప్రకటించారు. అదీ సినిమాగానే.